వ్యవసాయ పరిశోధన, విస్తరణ కేంద్రాల్లో అందుబాటులో ఉన్న సాఫ్ట్‌వేర్ సాధనాల సమర్థ వినియోగం

సారాంశం

పరిశోధన స్థానాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాల్లో కంప్యూటర్లు, స్ప్రెడ్‌షీట్లు, గణాంక విశ్లేషణ సాధనాలు, స్మార్ట్‌ఫోన్లు, వాతావరణ నమోదు పరికరాలు చాలా కాలంగా వినియోగంలో ఉన్నాయి. అయితే వాటి సామర్థ్యంలో స్వల్ప భాగం మాత్రమే ఉపయోగపడుతోంది. సాధనాల కొరత కంటే దత్తాంశం నమోదులో క్రమం లోపించడమే ఇందుకు ప్రధాన కారణం. ఒకసారి సక్రమంగా అమర్చిన పట్టిక నుంచి ఉన్న సాధనాలతోనే విశ్లేషణ, పటాలు, రైతువారీ సిఫారసులు ఎలా పొందవచ్చో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: దత్తాంశం, స్ప్రెడ్‌షీట్, క్షేత్ర ప్రయోగం, గణాంక విశ్లేషణ, విస్తరణ, యూనికోడ్

పరిచయం

ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో బ్రాడ్‌బాక్ గోధుమ ప్రయోగం 1843లో ప్రారంభమైంది. అప్పటి నుంచి ఏటా దిగుబడి, ఎరువుల మోతాదు వివరాలు అక్కడి పుస్తకాల్లో పోగుపడ్డాయి. 1919లో ఆ కేంద్రంలో చేరిన రోనాల్డ్ ఫిషర్‌కు అప్పగించిన పని కొత్త ప్రయోగం వేయడం కాదు. అప్పటికే ఉన్న ఆ లెక్కలను తిరిగి పరిశీలించడం. ఆ పరిశీలన నుంచి పంట దిగుబడుల వ్యత్యాసంపై అధ్యయనాలు వెలువడ్డాయి. నేడు ప్రతి వ్యవసాయ విద్యార్థీ నేర్చుకునే విచలన విశ్లేషణ, యాదృచ్ఛిక అమరిక పద్ధతులు ఆ కేంద్రంలో ఆయన చేసిన కృషి ఫలితమే. ఏడు దశాబ్దాల పాటు ఒకే క్రమంలో, ఒకే పద్ధతిలో వివరాలు రాసి ఉంచినందువల్లనే అది సాధ్యమైంది.

నేటి పరిశోధన స్థానాల్లో ఫిషర్ ఊహించని సాధనాలున్నాయి. ఆయన చేతితో తిప్పే యంత్రంపై రోజుల తరబడి చేసిన లెక్కను సాధారణ కంప్యూటర్ క్షణంలో చేస్తుంది. అయినప్పటికీ పది సంవత్సరాల క్రితం అదే స్థానంలో జరిగిన ఎరువుల ప్రయోగం వివరాలు కావాలంటే వార్షిక నివేదికలోని సగటు విలువలు తప్ప మడివారీ దిగుబడులు లభించని సందర్భాలు అనేకం. శాస్త్రవేత్త బదిలీ అయినప్పుడు, పదవీ విరమణ చేసినప్పుడు, కంప్యూటర్ మార్చినప్పుడు ఆ దత్తాంశం కూడా కనుమరుగవుతోంది. రైతుల పొలాల్లో లక్షలాది రూపాయల ఖర్చుతో, ఏళ్ల శ్రమతో సేకరించిన సమాచారం ఒక్కసారి మాత్రమే ఉపయోగపడి నశించడం పరిశోధన వ్యవస్థకు పెద్ద నష్టం.

సమస్య మూలం

ఎక్సెల్ వంటి స్ప్రెడ్‌షీట్‌ను చాలామంది టైపు యంత్రంలా వాడుతున్నారు. పైన శీర్షిక, కింద విలీనం చేసిన గడులు, మధ్యలో ఖాళీ వరుసలు, పక్కన సగటు, అడుగున సి.డి. విలువ – ఇలా ముద్రణకు అనువైన రూపంలోనే పట్టిక తయారవుతోంది. చూపుకు ఇది చక్కగానే ఉన్నా, కంప్యూటర్ దీనిని దత్తాంశంగా చదవలేదు. ఫలితంగా విశ్లేషణకు ఒకసారి, నివేదికకు ఒకసారి, సమీక్షా సమావేశానికి ఒకసారి అవే అంకెలను మళ్లీ మళ్లీ టైపు చేయవలసి వస్తోంది. టైపు చేసిన ప్రతిసారీ పొరపాటుకు అవకాశం పెరుగుతుంది.

కావున నివేదిక పట్టిక వేరు, దత్తాంశ పట్టిక వేరు అన్న అవగాహన తొలి మెట్టు. దత్తాంశ పట్టికను ఒక్కసారి నమోదు చేసి భద్రపరచాలి. నివేదిక పట్టికలను దాని నుంచి సాఫ్ట్‌వేర్ ద్వారా రాబట్టాలి.

దత్తాంశ పట్టిక అమరిక

ఒక వరుసలో ఒక మడి వివరాలు, ఒక నిలువు గడిలో ఒక లక్షణం ఉండడం మౌలిక సూత్రం. మూడు పునరావృతాల్లో ఎనిమిది ట్రీట్‌మెంట్లు ఉన్న ప్రయోగంలో శీర్షిక వరుస కింద 24 వరుసలు ఉండాలి. సంవత్సరం, కాలం, ప్రదేశం, పునరావృతం, ట్రీట్‌మెంట్, మడి సంఖ్య, పిలకల సంఖ్య, గింజ బరువు, తేమ శాతం – ఇవన్నీ విడివిడి నిలువు వరుసలు కావాలి. శీర్షిక ఒకే వరుసలో ఉండాలి. గడులను విలీనం చేయరాదు. సగటులను, మొత్తాలను ఇదే పట్టికలో రాయరాదు.

కొలమానం శీర్షికలోనే స్పష్టం కావాలి. ఉదాహరణకు శీర్షికలో ‘భాస్వరం’ అని, కింద 60 అని మాత్రమే ఉంటే అది భాస్వరం మూలకమా, భాస్వరం పెంటాక్సైడా అన్నది తెలియదు. 60 కిలోల పెంటాక్సైడ్‌లో మూలక భాస్వరం సుమారు 26.2 కిలోలు మాత్రమే. పదేళ్ల తర్వాత ఆ పట్టిక చూసే వ్యక్తి పొరబడితే సిఫారసు రెండింతలకు మించి మారుతుంది. అదే విధంగా ఎకరా, హెక్టారు. క్వింటాలు, కిలో అన్న తేడాలు కూడా శీర్షికలోనే తేలిపోవాలి.

సున్నాకు, ఖాళీకి మధ్య తేడా పాటించడం చీడపీడల పరిశీలనలో మరీ ముఖ్యం. ఐదు మొక్కలపై పురుగుల సంఖ్య 4, 0, 6, 2గా నమోదై, ఐదవ మొక్క చనిపోయినందున లెక్కించలేదనుకుందాం. ఆ గడిని ఖాళీగా ఉంచితే సగటు 3. అక్కడ సున్నా రాస్తే సగటు 2.4. పురుగు లేకపోవడం, పరిశీలన జరగకపోవడం ఒకటి కాదు. లెక్కించని గడికి ఒక నిర్ణీత సంకేతం పెట్టి, అదే సంకేతాన్ని అన్ని పట్టికల్లో వాడాలి.

రంగులతో సమాచారం తెలపడం మరొక అలవాటు. దెబ్బతిన్న మడిని పసుపు రంగుతో గుర్తిస్తే ఆ రంగు అర్థం వేసినవారికే తెలుస్తుంది. విశ్లేషణ సాధనాలకు అది చేరదు. ‘గమనిక’ అనే అదనపు వరుస చేర్చి ‘ఎలుకల నష్టం’, ‘నీటి ముంపు’ అని రాయడం మేలు.

తేదీల విషయంలో స్ప్రెడ్‌షీట్ చేసే స్వయంచాలక మార్పులను కనిపెట్టి ఉండాలి. కలుపు మందు పిచికారీ దశను ‘2-3’ ఆకులు అని టైపు చేస్తే, కంప్యూటర్ అమరికను బట్టి అది మార్చి 2గా గానీ, ఫిబ్రవరి 3గా గానీ మారిపోతుంది. అటువంటి గడులను ముందుగానే ‘పాఠ్యం’గా అమర్చుకోవాలి. తేదీలకు సంవత్సరం, నెల, రోజు అన్న క్రమం పాటిస్తే సందిగ్ధత ఉండదు.

ఈ జాగ్రత్తలను చిన్న విషయాలుగా భావించరాదు. జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చివేయడం వల్ల, ఎక్సెల్ రూపంలో జన్యు జాబితాలను జతచేసిన జన్యుశాస్త్ర పరిశోధన పత్రాల్లో సుమారు ఐదవ వంతు లోపభూయిష్టంగా ఉన్నట్లు 2016లో వెలువడిన ఒక పరిశీలన వెల్లడించింది. చివరకు 2020లో మానవ జన్యు నామకరణ సంఘమే కొన్ని జన్యువుల పేర్లను మార్చవలసి వచ్చింది. అదే సంవత్సరం ఇంగ్లండులో పాత ఎక్సెల్ ఫైలు 65,536 వరుసలకు మించి స్వీకరించలేకపోవడంతో 15,841 కోవిడ్ కేసులు సకాలంలో లెక్కలోకి రాలేదు. సాధనం పరిమితులు తెలియకుండా వాడితే కలిగే నష్టానికి ఇవి నిదర్శనాలు.

తేమ సవరణ – ఒక ఉదాహరణ

నమోదు క్రమం సిఫారసును ఎలా ప్రభావితం చేస్తుందో వరి ప్రయోగంలోని రెండు మడులను ఊహించి చూడవచ్చు. రెండింటిలోనూ నికర విస్తీర్ణం 20 చదరపు మీటర్లు. కావున కిలోల్లోని మడి దిగుబడిని 500తో గుణిస్తే హెక్టారు దిగుబడి వస్తుంది.

మొదటి మడి: గింజ బరువు 11.2 కిలోలు, తేమ 20 శాతం.
రెండవ మడి: గింజ బరువు 10.8 కిలోలు, తేమ 15 శాతం.

తేమను నమోదు చేయకుండా లెక్కిస్తే హెక్టారుకు మొదటి మడిలో 5,600, రెండవ మడిలో 5,400 కిలోలు. మొదటిదే మేలైనదిగా కనిపిస్తుంది. 14 శాతం తేమకు సవరించడానికి గింజ బరువును, నూరు నుంచి తేమ శాతం తీసివేయగా వచ్చిన సంఖ్యతో గుణించి 86తో భాగించాలి. ఆ విధంగా మొదటి మడి దిగుబడి 5,209 కిలోలు, రెండవ మడి దిగుబడి 5,337 కిలోలు అవుతుంది. క్రమం తారుమారైంది. ఆలస్యంగా కోతకు వచ్చే రకానికీ, ముందుగా కోతకు వచ్చే రకానికీ మధ్య పోలికలో ఇటువంటి తేడా తరచుగా ఎదురవుతుంది.

పట్టికలో తేమ శాతానికి ఒక నిలువు వరుస, సవరించిన దిగుబడికి సూత్రంతో కూడిన మరొక వరుస చేర్చితే సరిపోతుంది. ఇందుకు కొత్త సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. తేమమాపకం ఎలాగూ ప్రయోగశాలలో ఉంటుంది. తొలుత నమోదైన తడి బరువును చెరిపివేయకుండా అలాగే ఉంచడం మాత్రం తప్పనిసరి.

స్ప్రెడ్‌షీట్‌లో వినియోగంలోకి రాని సౌకర్యాలు

దత్తాంశ నియంత్రణ: ఒక గడిలో ఏ విలువలు మాత్రమే ఉండవచ్చో ముందుగా నిర్దేశించే సౌకర్యం ఇది. రకాల పేర్లకు జాబితా ఇస్తే నమోదు చేసే వ్యక్తి దాని నుంచి ఎంచుకుంటారు. ఒకే రకాన్ని ‘ఎం.టి.యు. 1010’, ‘ఎంటియు-1010’, ‘1010’ అని మూడు విధాలుగా రాస్తే కంప్యూటర్ మూడు రకాలుగా లెక్కిస్తుంది. తేమ శాతానికి 8 నుంచి 30 వరకు హద్దు పెడితే 14కు బదులు 140 టైపు చేసిన వెంటనే హెచ్చరిక వస్తుంది.

పివట్ పట్టిక: మూడేళ్లలో ఐదు మండలాల్లో జరిగిన ప్రథమ శ్రేణి ప్రదర్శనా క్షేత్రాల వివరాలు ఒకే పట్టికలో ఉంటే, మండలంవారీ, కాలంవారీ, నేలవారీ సగటులను రెండు మూడు నిమిషాల్లో పొందవచ్చు. ప్రదర్శనా క్షేత్రానికి, రైతు పద్ధతికి మధ్య దిగుబడి తేడా ఏ నేలల్లో ఎక్కువగా ఉందో తేలితే మరుసటి సంవత్సరం ప్రదర్శనలను అక్కడే కేంద్రీకరించవచ్చు.

పవర్ క్వెరీ: ఎక్సెల్ 2016 నుంచి అంతర్భాగంగా లభిస్తున్న సౌకర్యమిది. ఒకే నమూనాలో వేర్వేరు కేంద్రాల నుంచి వచ్చిన ఫైళ్లను ఒక ఫోల్డర్‌లో ఉంచితే అన్నింటినీ కలిపి ఒకే పట్టికగా మారుస్తుంది. చిరుసంచుల పరిశీలనల ఫలితాలను ప్రతి కాలంలోనూ చేతితో కలిపే శ్రమ దీనితో తప్పుతుంది.

మెయిల్ మెర్జ్: స్ప్రెడ్‌షీట్‌లోని ప్రతి వరుసకు ఒక లేఖ తయారుచేసే ఈ సౌకర్యం వర్డ్‌లో ఎన్నో ఏళ్లుగా ఉంది. 2015లో ప్రారంభమైన భూసార ఆరోగ్య కార్డుల పథకంలో ఉదజని సూచిక, లవణ సూచిక, సేంద్రియ కర్బనం, ప్రధాన, ద్వితీయ, సూక్ష్మ పోషకాలు కలిపి 12 అంశాలను పరీక్షిస్తారు. కేంద్రంలోనే జరిగే మట్టి పరీక్షల ఫలితాలు పట్టికలో ఉంటే, లభ్య నత్రజని హెక్టారుకు 280 కిలోల కంటే తక్కువైతే ‘తక్కువ’, 280 నుంచి 560 వరకు ‘మధ్యస్థం’, ఆపైన ‘అధికం’ అని సూత్రమే వర్గీకరిస్తుంది. ఆ వర్గానికి తగిన తెలుగు సిఫారసు రైతు పేరుతో సహా లేఖలో చేరుతుంది. అంకెలు మాత్రమే ఉన్న కాగితానికి, తన పొలానికి ఎంత యూరియా వేయాలో చెప్పే కాగితానికి మధ్య తేడా రైతుకు బాగా తెలుసు.

ఎక్సెల్ లైసెన్సు లేని కేంద్రాలకు ఉచితంగా లభించే లిబ్రే ఆఫీస్‌లో కూడా పివట్ పట్టిక, దత్తాంశ నియంత్రణ, మెయిల్ మెర్జ్ సౌకర్యాలున్నాయి.

గణాంక విశ్లేషణ

హర్యానా వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన ఆప్‌స్టాట్, కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన గ్రేప్స్ అంతర్జాలంలో ఉచితంగా లభిస్తున్నాయి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయిన ‘ఆర్’లో వ్యవసాయ ప్రయోగాల కోసమే తయారైన ‘అగ్రికోలే’ వంటి ప్యాకేజీలున్నాయి. విద్యార్థులు వీటిలో ఏదో ఒకదానిని వాడుతూనే ఉన్నారు. అయితే మీటలు నొక్కి ఫలితం పొందే పద్ధతిలో ఏ నమూనా ఎంచుకున్నారో, ఏ మడిని మినహాయించారో ఆధారం మిగలదు. ‘ఆర్’లో రాసిన ఆదేశాల ఫైలును దత్తాంశంతో పాటు భద్రపరిస్తే మార్గదర్శకుడైనా, సమీక్షకుడైనా, తర్వాతి విద్యార్థి అయినా అదే ఫలితాన్ని తిరిగి రాబట్టగలరు. మరుసటి సంవత్సరం ప్రయోగానికి అదే ఆదేశాలు చిన్న మార్పుతో పనికివస్తాయి.

సాఫ్ట్‌వేర్ ఎంత శక్తిమంతమైనా ప్రయోగ అమరికను తానుగా గ్రహించదు. స్ప్లిట్‌ప్లాట్ పద్ధతిలో వేసిన ప్రయోగాన్ని సాధారణ ఫ్యాక్టోరియల్‌గా విశ్లేషిస్తే ప్రధాన మడుల దోషం, ఉపమడుల దోషం కలిసిపోతాయి. సాగునీటి స్థాయిల వంటి ప్రధాన మడి అంశాల మధ్య లేని తేడా ఉన్నట్లు కనిపించే ప్రమాదముంది. ఏ సాధనం వాడినా ఈ నిర్ణయం శాస్త్రవేత్తదే.

వాతావరణం, స్థలం – దత్తాంశాల అనుసంధానం

ప్రతి పరిశోధన స్థానంలోనూ వాతావరణ నమోదు ఉంటుంది. దీపపు ఎరల్లో, లింగాకర్షక బుట్టల్లో పడిన పురుగుల లెక్క కూడా ఉంటుంది. ఇవి సాధారణంగా వేర్వేరు విభాగాల ఫైళ్లలో ఉండిపోతున్నాయి. రెండింటిలోనూ ప్రామాణిక వాతావరణ వారం సంఖ్యను ఒక వరుసగా చేర్చితే, సాధారణ అన్వేషణ సూత్రంతో వాటిని కలపవచ్చు. వర్షపాతం, ఉష్ణోగ్రతలకు పురుగు ఉద్ధృతితో గల సంబంధం అప్పుడు కొన్నేళ్ల దత్తాంశంపై పరిశీలనకు వస్తుంది. మొక్కజొన్నకు 10 డిగ్రీల ఆధార ఉష్ణోగ్రత తీసుకుంటే, గరిష్ఠం 34, కనిష్ఠం 24 డిగ్రీలున్న రోజున సమకూరే ఉష్ణ ప్రమాణం 19 డిగ్రీ దినాలు. ఇంతటి సులభమైన లెక్కతో విత్తే తేదీల ప్రయోగాలను కేవలం రోజుల ప్రాతిపదికన కాక పంట అందుకున్న ఉష్ణం ప్రాతిపదికన పోల్చవచ్చు.

పొలం అక్షాంశ రేఖాంశాలు పట్టికలో ఉంటే ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ వాటిని నేరుగా పటంపై చూపుతుంది. అయితే డిగ్రీలు, నిమిషాలను దశాంశాలుగా మార్చడంలో శ్రద్ధ అవసరం. 16 డిగ్రీల 18 నిమిషాలు దశాంశ రూపంలో 16.30; దానిని 16.18గా రాస్తే పొలం పటంపై సుమారు 13 కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోతుంది.

క్షేత్ర సందర్శనల్లో తీసిన ఛాయాచిత్రాలు వాట్సాప్ బృందాల్లో పేరుకుపోతున్నాయి. మామూలుగా పంపినప్పుడు చిత్రం నాణ్యత తగ్గడమే కాక, అందులో ఇమిడి ఉన్న స్థల వివరాలు కూడా తొలగిపోతాయి. చిత్రాన్ని ‘డాక్యుమెంట్’గా పంపితే అవి నిలుస్తాయి. క్రమబద్ధమైన సర్వేలకు ఓడీకే, కోబో టూల్‌బాక్స్ వంటి ఉచిత సాధనాలు నెట్‌వర్క్ లేని గ్రామాల్లో కూడా ఫోనులోనే సమాధానాలు, చిత్రం, స్థలం నమోదు చేసి, తర్వాత పంపే వీలు కల్పిస్తాయి. వీటి ఫలితం నేరుగా పట్టిక రూపంలో రావడం వల్ల కాగితంపై రాసి తిరిగి టైపు చేసే దశ ఉండదు.

తెలుగు విస్తరణ సాహిత్యం – యూనికోడ్

కరపత్రాలు, పంటల పంచాంగాలు, శిక్షణ పుస్తకాలు దశాబ్దాలుగా పేజ్‌మేకర్‌లో అను వంటి ఫాంట్లతో తయారయ్యాయి. ఆ ఫాంట్లలో కంప్యూటర్ భద్రపరచేది తెలుగు అక్షరాలను కాదు, వాటి ఆకారాలకు కేటాయించిన ఇతర సంకేతాలను. అందువల్ల ‘కత్తెర పురుగు’ అని వెతికితే ఆ ఫైళ్లలో ఏదీ దొరకదు. ఫోనులో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991లోనే స్థానం లభించింది. పాత ఫైళ్లను మార్పిడి సాధనాలతో యూనికోడ్‌లోకి మార్చి, అక్షరదోషాలు సరిచూసి భద్రపరిస్తే సంస్థ వద్ద ఇప్పటికే ఉన్న విజ్ఞానం వెతికితే దొరికే స్థితికి వస్తుంది. మార్పిడి సమయంలో మందుల మోతాదులను, దశాంశ బిందువులను మూలంతో పోల్చి చూడడం తప్పనిసరి. లీటరుకు 0.3 మిల్లీలీటర్లు పొరపాటున 3 మిల్లీలీటర్లు అయితే నష్టపోయేది రైతే.

కొనసాగింపు, భద్రత

ప్రతి ప్రయోగానికి ఒక ఫోల్డర్, అందులో మార్పు చేయని మూల దత్తాంశం, విశ్లేషణ ఫైలు, వివరణ పత్రం ఉండాలి. వివరణ పత్రంలో ప్రయోగ అమరిక, మడి విస్తీర్ణం, ట్రీట్‌మెంట్ల పూర్తి వివరాలు, సంకేతాల అర్థాలు, కొలిచిన పద్ధతులు రాయాలి. మూల దత్తాంశాన్ని సి.ఎస్.వి. రూపంలో కూడా ఉంచితే ఏ సాఫ్ట్‌వేర్ కనుమరుగైనా చదవడం సాధ్యమవుతుంది. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట అన్నది ఆచరణయోగ్యమైన నియమం. భారత వ్యవసాయ పరిశోధన మండలి నిర్వహించే కృషి పోర్టల్ పరిశోధన దత్తాంశాన్ని భద్రపరచడానికే ఏర్పడింది. బదిలీ సమయంలో ఉపకరణాల జాబితాతో పాటు దత్తాంశ ఫోల్డర్ల అప్పగింత కూడా నమోదైతే నష్టం చాలావరకు ఆగుతుంది.

రైతుల ఫోను నంబర్లు, ఆధార్, భూమి వివరాలు ఉన్న పట్టికలను అందరికీ పంచరాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టం దృష్ట్యా కూడా, విశ్లేషణకు వాడే పట్టికలో రైతు పేరుకు బదులు సంకేత సంఖ్య ఉంచి, పేర్ల జాబితాను విడిగా భద్రపరచడం సముచితం.

కొత్త సాఫ్ట్‌వేర్ ప్రతిపాదనకు ముందు

కొత్త సాధనం నిజంగా అవసరమయ్యే సందర్భాలు లేకపోలేదు. జన్యు దత్తాంశం, ఉపగ్రహ చిత్రాల విశ్లేషణ వంటివి స్ప్రెడ్‌షీట్ పరిధికి మించినవి. అయినా కొనుగోలు ప్రతిపాదనకు ముందు కొన్ని ప్రశ్నలకు జవాబు వెతకాలి. ఆ పని చేసే సౌకర్యం ఉన్న సాఫ్ట్‌వేర్‌లోనే ఉందా? లోపం సాధనంలో ఉందా, దత్తాంశ నమోదులో ఉందా? కనీసం ఇద్దరు సిబ్బంది దానిని వాడగలరా? లైసెన్సు గడువు ముగిశాక దత్తాంశాన్ని బయటకు తీసుకోవడం సాధ్యమా? క్రమం లేని దత్తాంశాన్ని ఖరీదైన సాఫ్ట్‌వేర్‌లోకి చేర్చితే తప్పుడు ఫలితాలు మరింత వేగంగా, మరింత ఆకర్షణీయంగా వెలువడతాయి.

ముగింపు

ఈ సూచనలన్నింటినీ ఒకేసారి అమలు చేయనవసరం లేదు. రాబోయే కాలంలో వేసే ఒక ప్రయోగానికి దత్తాంశ పట్టికను విత్తకముందే రూపొందించి, నియంత్రణలు అమర్చి, వివరణ పత్రం రాయడంతో ప్రారంభించవచ్చు. స్నాతకోత్తర విద్యార్థుల పరిశోధన ప్రణాళికలో దత్తాంశ నిర్వహణ ఒక అంశంగా చేరితే ఈ అలవాటు తొలిదశలోనే స్థిరపడుతుంది. విస్తరణ శాస్త్రవేత్తలు ఒక కాలపు ప్రదర్శనా క్షేత్రాల వివరాలను ఈ పద్ధతిలో నమోదు చేస్తే, తర్వాతి కాలానికి తమ జిల్లాలో ఏ నేలకు ఏ సిఫారసు తగినదో సొంత దత్తాంశంతోనే చెప్పగలరు. ఆ దత్తాంశం క్రమంగా ఉంటే, ఇప్పటికే కేంద్రంలో ఉన్న కంప్యూటర్ అందుకు చాలు.